డాక్ ప్రెస్కాట్‌ని మనం మరీ ఎత్తేస్తున్నామా?

 

ఈమధ్య మీరు పంపే ప్రశ్నల్లో ఒకటే ప్రశ్న రకరకాలుగా వస్తోంది. "డాక్ ప్రెస్కాట్ ఓవర్‌రేటెడ్ కదా అండీ?" అని కొందరు. "ఏడాదికి ఆరు కోట్ల డాలర్లు తీసుకుని ఒక్క కప్పు తేలేదు, ఇంకా ఎన్నాళ్లు మోస్తారు?" అని కొందరు. "అతన్ని అనవసరంగా తిడుతున్నారు, మీరైనా చెప్పండి" అని ఇంకొందరు. డాలస్, ఫ్రిస్కో, ప్లేనో చుట్టుపక్కల మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. కౌబాయ్స్ హెడ్‌క్వార్టర్స్, 'ద స్టార్', ఫ్రిస్కోలోనే ఉంది. మన పిల్లలు నాలుగో నంబర్ జెర్సీ వేసుకుని తిరుగుతున్నారు. కాబట్టి ఇది మన ఇళ్లలో కూడా జరిగే గొడవే. ఇవాళ దీని సంగతి తేల్చేద్దాం.

కొత్తగా చూసేవాళ్ల కోసం ఒక్క నిమిషం. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే అమెరికన్ ఫుట్‌బాల్. క్వార్టర్‌బ్యాక్ అంటే దాదాపు ప్రతి ప్లేలోనూ బాల్ ముందుగా చేతికి అందుకునే మనిషి. ఎవరికి విసరాలి, ఎప్పుడు విసరాలి, విసరాలా వద్దా అని రెండు మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఈలోగా నూట ఇరవై, నూట ముప్ఫై కిలోల మనుషులు మీదికి వస్తుంటారు. కానీ ఒక సంగతి గుర్తుపెట్టుకోండి. అవతలి జట్టు దాడి చేస్తున్నప్పుడు క్వార్టర్‌బ్యాక్ బెంచీ మీద కూర్చుంటాడు. అప్పుడు ఆడేది డిఫెన్స్, వేరే పదకొండు మంది. అంటే సగం ఆటలో అతనికి చెయ్యడానికి ఏమీ ఉండదు. అయినా గెలుపోటముల లెక్క మాత్రం అతని పేరు మీదే రాస్తారు. ఇవాళ్టి గొడవంతా ఇక్కడినుంచే మొదలవుతుంది.

సరే, ముందు ఓవర్‌రేటెడ్ అనేవాళ్ల వాదన విందాం. నిజాయితీగా, పూర్తి బలంతో విందాం.

కౌబాయ్స్ చివరిసారి సూపర్ బౌల్ గెలిచింది 1996 జనవరిలో, స్టీలర్స్ మీద 27-17తో. ఆ తర్వాత కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా కూడా వెళ్లలేదు. డాక్ 2016లో వచ్చాడు. ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు ఏడు, గెలిచినవి రెండు. అంతకుముందున్న టోనీ రోమోవి ఆరు, గెలిచినవి రెండు. "రోమో పోయి డాక్ వచ్చె, ఢాం ఢాం ఢాం" అని మనవాళ్లు ఊరికే అనడం లేదు.

రెండో మాట. లీగ్ మ్యాచ్‌ల్లో పెద్ద అంకెలు వస్తాయి గానీ, అవి ఎవరి మీద వచ్చాయో చూడాలంటారు. 2023 సీజన్ తీసుకోండి. న్యూయార్క్ జెయింట్స్ మీద రెండు మ్యాచ్‌లు, 40-0, 49-17. అదే ఏడాది శాన్ ఫ్రాన్సిస్కో 49ఎర్స్ మీద 42-10తో చిత్తు, డాక్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. అంటే విసిరిన బాల్ మూడుసార్లు అవతలివాళ్ల చేతికి వెళ్లింది. డిసెంబర్‌లో బఫెలో బిల్స్ దగ్గర 31-10తో ఓటమి. ఆ రోజు డాక్ మొత్తం 134 యార్డులే విసిరాడు. బక్కజట్టు దొరికితే పులి, గట్టిజట్టు ఎదురైతే పిల్లి అనేది వాళ్ల వాదన.

మూడోది డబ్బు. 2024 సెప్టెంబర్ 8న, సీజన్ మొదటి మ్యాచ్‌కి కొన్ని గంటల ముందు, నాలుగేళ్లకి 24 కోట్ల డాలర్ల ఒప్పందం మీద సంతకం చేశాడు. ఏడాదికి సగటున ఆరు కోట్లు. అప్పటికి ఎన్.ఎఫ్.ఎల్. చరిత్రలో అంత సగటు ఎవరికీ లేదు. మూడు సూపర్ బౌల్‌లు గెలిచిన పాట్రిక్ మహోమ్స్‌కి కూడా లేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అంటే ఇదే కదా అంటారు.

చూడండి, ఇది తేలిగ్గా తీసేసే వాదన కాదు. అంకెలన్నీ నిజమే. కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. "ఓవర్‌రేటెడ్" అనే ఒక్క మాటలో మూడు వేరువేరు ప్రశ్నలు కలిపేస్తున్నాం. ఒకటి, అతని ఆట ఎంత మంచిది? రెండు, అతని జీతం న్యాయమైనదేనా? మూడు, అతని గురించి జరిగే చర్చ అతని స్థాయికి తగినదా? ఈ మూడింటికీ జవాబు ఒకటే కానక్కర్లేదు. విడివిడిగా చూద్దాం.

మొదట ఆట.

డాక్‌ని 2016 డ్రాఫ్ట్‌లో నాలుగో రౌండ్‌లో, 135వ ఆటగాడిగా తీసుకున్నారు. అంటే అతని కంటే ముందు 134 మందిని మిగతా జట్లు ఎంచుకున్నాయి. ఆ ఆగస్టులో సీటెల్‌లో ప్రాక్టీస్ మ్యాచ్‌లో రోమో వెన్నుకి దెబ్బ తగిలింది. కుర్రాడిని దించారు. 13 గెలుపులు, 3 ఓటములు. 23 టచ్‌డౌన్ పాస్‌లు, నాలుగే నాలుగు ఇంటర్‌సెప్షన్లు. ఆ ఏడాది అఫెన్స్‌లో ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు అతనిదే. 2019లో 4,902 యార్డులు. 2021లో 37 టచ్‌డౌన్ పాస్‌లు, అది కౌబాయ్స్ రికార్డు. 2023లో 36, ఆ ఏడాది లీగ్ మొత్తంలో అదే ఎక్కువ. ఎమ్.వి.పి. ఓటింగ్‌లో లామార్ జాక్సన్ తర్వాత రెండో స్థానం. 2020లో చీలమండ విరిగి పక్కకి తిరిగిపోయిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ గాయం తర్వాత వచ్చిన అంకెలే ఈ 37, ఈ 36. బక్కజట్ల మీద ఆడినా సరే, ఇన్నేళ్లు ఇలా ఆడటం అదృష్టంతో అయ్యే పని కాదండీ.

"2022లో డాక్ బొటనవేలు దెబ్బతిన్నప్పుడు కూపర్ రష్ వచ్చి అయిదులో నాలుగు గెలిపించాడు కదా, ఇక డాక్ ఎందుకు?" అని చాలామంది అడుగుతారు. మంచి ప్రశ్న. ఆ నాలుగు గెలుపుల స్కోర్లు చూడండి. 20-17, 23-16, 25-10, 22-10. కౌబాయ్స్ ఒక్కసారి కూడా 25 దాటలేదు. ప్రత్యర్థులు ఒక్కసారి కూడా 17 దాటలేదు. ఆ మ్యాచ్‌లు గెలిపించింది డిఫెన్స్. అయిదో మ్యాచ్ ఫిలడెల్ఫియా ఈగల్స్ మీద, రష్ మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, 26-17తో ఓడారు. రష్ తన పని తను చక్కగా చేశాడు, కాదనను. కానీ డిఫెన్స్ మోసిన నాలుగు మ్యాచ్‌లు చూపించి డాక్ అక్కర్లేదనడం లెక్కకి నిలవదు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ప్లేఆఫ్స్. రెండు గెలుపులు, అయిదు ఓటములు. "2-5" అని ఒక్క ముక్కలో చెప్పేస్తే వినడానికి బాగుంటుంది. కానీ ఆ అయిదు ఓటముల్ని ఒక్కొక్కటిగా విప్పి చూడాలి. చూద్దాం.

ఒకటి, 2017 జనవరి, గ్రీన్ బే ప్యాకర్స్ మీద. మొదట్లో 21-3తో వెనకబడ్డారు. కొత్త కుర్రాడు 302 యార్డులు, మూడు టచ్‌డౌన్ పాస్‌లతో జట్టుని వెనక్కి లాక్కొచ్చాడు. 35 సెకన్లు మిగిలి ఉండగా 31-31. అక్కడ ఆరన్ రాడ్జర్స్ పక్కకి పరిగెత్తుతూ గీత అంచున జారెడ్ కుక్‌కి ఒక బాల్ విసిరాడు, 36 యార్డులు. ఆ తర్వాత చివరి క్షణంలో 51 యార్డుల ఫీల్డ్ గోల్. 34-31. దీనికి డాక్‌ని అనేదేముంది?

రెండు, 2019 జనవరి, లాస్ ఏంజెలెస్ రామ్స్ మీద 30-22. ఆ రోజు రామ్స్ కౌబాయ్స్ డిఫెన్స్ మీద పరుగుల్లోనే 273 యార్డులు తీశారు. ఇద్దరు రన్నర్లు చెరొక వంద దాటారు. అది జరుగుతున్నంతసేపూ డాక్ బెంచీ మీద కూర్చుని చూస్తున్నాడు. ఇదీ అతని ఖాతాలోది కాదు.

మూడు, 2022 జనవరి, సొంత మైదానంలో 49ఎర్స్ మీద 23-17. ఇది అందరికీ గుర్తున్న మ్యాచ్. జట్టు 14 పెనాల్టీలు చేసింది. డాక్ అయిదుసార్లు శాక్ అయ్యాడు, అంటే బాల్ విసరకముందే పడగొట్టేశారు. ఒక ఇంటర్‌సెప్షన్ అతనే ఇచ్చాడు. చివర్లో 14 సెకన్లు, టైమ్‌అవుట్‌లు లేవు. విసరకుండా తనే పరిగెత్తాడు, 17 యార్డులు. లేచి బాల్‌ని అంపైర్ చేతికి ఇవ్వకుండా తన సెంటర్‌కి ఇచ్చాడు. అంపైర్ వచ్చి బాల్‌ని ముట్టుకుని సరైన చోట పెడితేగానీ తర్వాతి ప్లే మొదలవదు. ఆయన వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చి పెట్టేసరికి గడియారం సున్నా. ఆ ప్లే డాక్ అప్పటికప్పుడు అనుకున్నది కాదు, సైడ్‌లైన్ నుంచి కోచ్‌లు పంపిందే. కానీ అమల్లో తొందరపాటు డాక్‌ది. ఇది సగం సగం.

నాలుగు, 2023 జనవరి, మళ్లీ 49ఎర్స్, ఈసారి వాళ్ల మైదానంలో. 19-12. డిఫెన్స్ 19 పాయింట్లకే ఆపింది, అంతకన్నా ఏం చెయ్యాలి? డాక్ రెండు ఇంటర్‌సెప్షన్లు. మొదటి సగంలోనే టోనీ పొలార్డ్ కాలు విరిగి వెళ్లిపోయాడు, అది నిజం. అయినా ఈ మ్యాచ్ డాక్ ఖాతాలోనే రాయాలి.

అయిదు, 2024 జనవరి, సొంత మైదానంలో ప్యాకర్స్ మీద 48-32. ఆ సీజన్‌లో సొంతగడ్డ మీద ఎనిమిదికి ఎనిమిది గెలిచిన జట్టు. ఏడో సీడ్‌గా వచ్చిన ప్యాకర్స్. సగం అవ్వకముందే 27-0. ఆ 27లో చివరి టచ్‌డౌన్ డాక్ విసిరిన బాల్‌నే ప్యాకర్స్ డిఫెండర్ పట్టుకుని 64 యార్డులు పరిగెత్తి చేసింది. అప్పటికే ఒక ఇంటర్‌సెప్షన్ ఇచ్చి ఉన్నాడు. చివరికి 403 యార్డులు, మూడు టచ్‌డౌన్‌లు అని కాగితం మీద కనిపిస్తాయి. ఆ అంకెలకి మోసపోకండి, చాలావరకు ఇల్లు కాలిపోయాక పోసిన నీళ్లవి. డిఫెన్స్ కూడా ఆ రోజు ఘోరంగా ఆడింది, 48 పాయింట్లు ఇవ్వడమంటే మాటలా? కానీ మొదటి సగంలో గుంత తవ్వినవాళ్లలో డాక్ ఒకడు.

కాబట్టి నా లెక్క ఇది. అయిదులో రెండు అతనివి కావు. ఒకటి సగం. రెండు అతనివే. 2-5 చూసి "పెద్ద మ్యాచ్ అంటే వణుకుతాడు" అనడం తప్పు. అదే 2023 జనవరిలో, 49ఎర్స్‌కి ముందు వారమే, టామ్ బ్రేడీ ఆడిన ఆఖరి మ్యాచ్‌లో, టాంపా వెళ్లి 305 యార్డులు, నాలుగు టచ్‌డౌన్ పాస్‌లు, పైగా తనే పరిగెత్తి ఇంకొకటి. 31-14. వణికేవాడి ఆటా అది? అలాగని "పాపం, అంతా డిఫెన్స్ తప్పే" అనడం కూడా తప్పే. గట్టి డిఫెన్స్ ఎదురైనప్పుడు, మొదట్లోనే వెనకబడినప్పుడు, లేని దారిలో బాల్ విసిరే అలవాటు అతనికి ఉంది. ఆ చివరి రెండు ఓటముల్లో కనిపించింది అదే.

ఇంకొక పోలిక చెబుతాను. మాథ్యూ స్టాఫర్డ్. డెట్రాయిట్‌లో 12 సీజన్లు. ఆడిన ప్లేఆఫ్ మ్యాచ్‌లు మూడు, మూడూ ఓటమే. "అంకెల వీరుడు, గెలవలేడు" అని ముద్ర వేశారు. 2021లో రామ్స్‌కి వెళ్లాడు. వెళ్లిన మొదటి ఏడాదే సూపర్ బౌల్ గెలిచాడు. చెయ్యి అదే, మనిషి అతనే. చుట్టూ ఉన్నవాళ్లు మారారు. పేటన్ మానింగ్ కూడా మొదటి మూడు ప్లేఆఫ్ మ్యాచ్‌లూ ఓడినవాడే. డాక్ మానింగ్ అంతటివాడని నేను అనడం లేదు, కాదు కూడా. ప్లేఆఫ్ లెక్క ఒక్కటే పట్టుకుని మనిషిని తూచకూడదు, అంతవరకే నా మాట.

ఇక రెండో ప్రశ్న, డబ్బు. నిజమైన నష్టం ఇక్కడుంది. జాగ్రత్తగా వినండి.

మన ఐపీఎల్ వేలం తెలుసు కదా. 2024 నవంబర్‌లో ఒక్కో జట్టు పర్సు 120 కోట్ల రూపాయలు. అందులో లక్నో వాళ్లు రిషభ్ పంత్‌కి 27 కోట్లు పెట్టారు, అయిదో వంతు కంటే ఎక్కువ. మిగతా జట్టంతా మిగిలిన డబ్బులోనే. ఎన్.ఎఫ్.ఎల్.లో ఆ పర్సునే శాలరీ క్యాప్ అంటారు. 2024లో ఒక్కో జట్టుకి 25 కోట్ల 54 లక్షల డాలర్లు. డాక్ సగటు ఆరు కోట్లు, అంటే దాదాపు నాలుగో వంతు. మిగతా మూడొంతుల్లో 53 మంది జట్టులో మిగిలిన 52 మందిని పోషించాలి. బోనస్ లెక్కల్ని ఈఎంఐల్లాగా ఏళ్ల మీదికి తోస్తారు, అందుకని ఏ ఒక్క ఏడాదీ అంత మొత్తం కనబడకపోవచ్చు. కానీ తోసిన వాయిదా ఎప్పుడో ఒకప్పుడు కట్టాల్సిందే.

మరి అంత ధర ఎలా పలికింది? ఇక్కడ డాక్ ఆట కంటే యజమాని జెర్రీ జోన్స్ ఆలస్యమే పెద్ద కారణం. 2016లో డాక్ చేసుకున్న నాలుగేళ్ల ఒప్పందం విలువ మొత్తం కలిపి సుమారు 27 లక్షల డాలర్లు. ఏడాదికి కాదు, నాలుగేళ్లకీ! ఆ నాలుగేళ్లు అతను లీగ్‌లో అందరికన్నా చవగ్గా దొరికిన మంచి క్వార్టర్‌బ్యాక్‌లలో ఒకడు. జట్టు కట్టుకోవాల్సిన సమయం అదే. ఆ నాలుగేళ్లలో గెలిచింది ఒకే ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్. 2019లో తనతో పాటు అదే డ్రాఫ్ట్‌లో వచ్చిన కార్సన్ వెంట్జ్, జారెడ్ గాఫ్‌లతో వాళ్ల జట్లు ఏడాదికి మూడు కోట్ల పైచిలుకుతో ఒప్పందాలు చేసేసుకున్నాయి. జెర్రీ ఆగాడు. 2020లో ఒక్క ఏడాదికి ఫ్రాంచైజ్ ట్యాగ్ వేసి 3 కోట్ల 14 లక్షలు ఇచ్చాడు. 2021లో సగటు నాలుగు కోట్లయింది. అప్పుడు ఒప్పందంలో డాక్ మనుషులు రెండు షరతులు పెట్టించారు. మళ్లీ ట్యాగ్ వెయ్యకూడదు, అతని అనుమతి లేకుండా వేరే జట్టుకి పంపకూడదు. 2024లో చివరి ఏడాది వచ్చేసరికి జెర్రీ చేతిలో ముక్కలేవీ మిగల్లేదు. ఒప్పుకోకపోతే డాక్ ఊరికే వెళ్లిపోతాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, సరిగ్గా మ్యాచ్ రోజు పొద్దున ఆరు కోట్లకి సంతకం.

కాబట్టి ఆ ఆరు కోట్లు "డాక్ లీగ్‌లో అందరికన్నా గొప్పవాడు" అని ఇచ్చిన మార్కులు కావు. అది ఆలస్యానికి కట్టిన జరిమానా. ఇచ్చినవాడిని వదిలేసి తీసుకున్నవాడిని తిట్టడం ఏం న్యాయం? మీ కంపెనీవాళ్లు మీ జీతం రెట్టింపు చేస్తామంటే వద్దంటారా?

ఇదే కథ మళ్లీ జరిగింది. మైకా పార్సన్స్, జట్టులో అత్యుత్తమ డిఫెన్స్ ఆటగాడు. అతని ఒప్పందమూ నాన్చారు. నాన్చి నాన్చి 2025 ఆగస్టు 28న ప్యాకర్స్‌కి ఇచ్చేశారు. బదులుగా రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, కెన్నీ క్లార్క్ వచ్చారు. సరిగ్గా నెల తిరిగేసరికి, సెప్టెంబర్ 28న, అదే ప్యాకర్స్ డాలస్ వచ్చారు. డాక్ మూడు టచ్‌డౌన్ పాస్‌లు, తనే పరిగెత్తి ఒకటి. స్కోరు 40-40, టై. నలభై పాయింట్లు కొట్టి కూడా గెలవలేదు. ఆ రోజు క్వార్టర్‌బ్యాక్ ఓవర్‌రేటెడ్ అనగలరా ఎవరైనా?

ఇక మూడో ప్రశ్న, చర్చ. ఇక్కడ మాత్రం నేను ఓవర్‌రేటెడ్ అనేవాళ్ల పక్షమే. హెల్మెట్ మీద నక్షత్రం గుర్తు ఉన్న జట్టు అది. ప్రపంచంలో అన్ని క్రీడల జట్లలోకీ అత్యంత విలువైనదిగా ఫోర్బ్స్ ఏళ్ల తరబడి లెక్కగడుతోంది. థాంక్స్‌గివింగ్ రోజు దేశమంతా టర్కీ తింటూ వాళ్ల మ్యాచ్ చూస్తుంది. టీవీ చర్చల్లో రోజూ వాళ్ల పేరే. ఇదే డాక్ జాక్సన్‌విల్‌లోనో కరోలైనాలోనో ఇదే ఆట ఆడి ఉంటే, మంచి క్వార్టర్‌బ్యాక్ అని ఒక ముక్క అనుకుని ఊరుకునేవాళ్లం. పొగిడేవాళ్లూ ఇంతమంది ఉండేవాళ్లు కాదు, తిట్టేవాళ్లూ ఉండేవాళ్లు కాదు. అతనికి దక్కుతున్న పొగడ్తలోనూ తిట్లలోనూ పెద్ద భాగం ఆ నక్షత్రానిది.

ఒక మాట అదనంగా. డాక్ వ్యక్తిగా చాలా గౌరవం సంపాదించుకున్నాడు. తల్లిని క్యాన్సర్‌తో, అన్నని ఆత్మహత్యతో పోగొట్టుకుని, తన డిప్రెషన్ గురించి 2020లో బయటికి చెప్పాడు. సమాజసేవకి ఇచ్చే వాల్టర్ పేటన్ అవార్డు 2022 సీజన్‌కి అతనికే వచ్చింది. మన ఇళ్లలో ఇంకా దాచిపెట్టే విషయాన్ని అంత పెద్ద ఆటగాడు నోరు తెరిచి మాట్లాడటం చిన్న సంగతి కాదు. పిల్లలు అతని జెర్సీ వేసుకుంటే నేను సంతోషిస్తాను. కానీ మంచివాడు కదా అని ఇంటర్‌సెప్షన్‌ని ఇంటర్‌సెప్షన్ అనకుండా ఉండలేం. మంచితనానికి వేరే మార్కులు, ఆటకి వేరే మార్కులు.

సరే, తీర్పు. ఆట విషయంలో డాక్ ఓవర్‌రేటెడ్ కాదు. లీగ్‌లో మొదటి పదిమందిలో ఉంటాడు, మంచి ఏడాదిలో మొదటి అయిదుగురిలో. ఒంటిచేత్తో జట్టుని మోసే మహోమ్స్ కాడు. చుట్టూ మంచి జట్టుంటే కప్పు దాకా వెళ్లగలవాడు. జీతం ఎక్కువే, కానీ అది యజమాని చేసిన పని. ప్రచారం చాలా ఎక్కువ, అది జట్టు పేరు చేసిన పని. మొత్తం మీద అసలు ఓవర్‌రేటెడ్ ఎవరంటే, డాలస్ కౌబాయ్స్. 1996 నుంచి తినడానికి మిగిలింది పాత పేరే.

ఈసారి ఇంట్లో ఈ గొడవ వచ్చినప్పుడు "2-5" అనగానే ఒక్క ప్రశ్న అడగండి: ఏ అయిదు? ఒక్కొక్కటిగా చెప్పమనండి. చెప్పగలిగినవాళ్లతో వాదించండి, భలే మజాగా ఉంటుంది. చెప్పలేనివాళ్లకి మాత్రం ఇంకో ప్లేటు పకోడీలు పెట్టి, మ్యాచ్ చూడమనండి.

మీ లెక్కలో ఆ అయిదు ఓటములూ ఎవరి ఖాతాలోకి వెళ్తాయో రాసి పంపండి. నాది రెండు, సగం, రెండు. మీది వేరైతే కారణం కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో మళ్లీ కలుద్దాం. ఉంటానండీ, నమస్తే.